వింక్స్ నిజంగా అంత గొప్ప గుర్రమేనా?

"వరసగా 33 రేసులు గెలిచింది సరే, ఆస్ట్రేలియా దాటి ఒక్కసారీ పరుగెత్తలేదు కదా, మరి అంత పేరెందుకు?" అని అడిగారు. నేను సిడ్నీలో ఉంటాను, ఇక్కడి రాండ్విక్ రేస్‌కోర్సులో ఈ ఆడ గుర్రాన్ని కళ్ళారా చూశాను. కాబట్టి నా జవాబులో కొంత అభిమానం కలిసే ఉంటుంది.

ముందు లెక్కలు. మొత్తం 43 రేసులు, 37 గెలుపులు, వాటిలో 25 గ్రూప్ 1, అంటే అత్యున్నత స్థాయి రేసులు. ట్రైనర్ క్రిస్ వాలర్, ఎక్కువసార్లు ఎక్కిన జాకీ హ్యూ బౌమన్. 2015 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియన్ ఓక్స్‌లో రెండో స్థానంలో వచ్చింది. అదే ఆఖరి ఓటమి. మేలో సన్‌షైన్ కోస్ట్ గినీస్ గెలిచిన దగ్గర్నుంచి 2019 ఏప్రిల్‌లో రిటైరయ్యేదాకా మళ్ళీ ఓడింది లేదు.

అయితే ఈ అంకెలు చూస్తే అన్నీ అలవోకగా గెలిచేసినట్టు అనిపిస్తుంది. ఒక్క రేసే చూసే తీరిక ఉంటే 2017 వార్విక్ స్టేక్స్ చూడండి. దూరం 1400 మీటర్లు, దీనికి నప్పే దూరం కన్నా తక్కువే. గేటు తెరుచుకోగానే మిగతావి దూసుకుపోయాయి, ఇది మాత్రం వెనకబడిపోయింది. స్ట్రెయిట్‌లోకి, అంటే ముగింపు ముందుండే తిన్నని దారిలోకి తిరిగాక కూడా ఇంకా వెనకే. ముందున్న ఫాక్స్‌ప్లే కూడా వాలర్ గుర్రమే! ఇక అయిపోయిందనుకున్నాను. కానీ బౌమన్ కంగారుపడలేదు, సరిగ్గా ముగింపు పోస్ట్ దగ్గర వెంట్రుకవాసిలో పట్టేసింది. చివరి 200 మీటర్లలో మామూలుగా గుర్రాల అడుగుల వేగం పడిపోతుంది. వింక్స్‌కి అది దాదాపు తగ్గేది కాదు. దూరం నుంచి చూస్తే అది వేగం పెంచినట్టు కనిపించేది గానీ, నిజానికి నెమ్మదించేవి పక్క గుర్రాలు.

ఆస్ట్రేలియాలో పెద్ద రేసైన కాక్స్ ప్లేట్ సంగతీ చెప్పాలి. మెల్‌బోర్న్‌లోని అప్పటి మూనీ వ్యాలీ ట్రాక్‌లో 2040 మీటర్లు, ఇరుకు మలుపులు, స్ట్రెయిట్ చూస్తే 173 మీటర్లే. వెనక నుంచి వచ్చే గుర్రానికి అది అస్సలు అనుకూలం కాదు. అలాంటిచోట 2015 నుంచి 2018 దాకా నాలుగుసార్లూ ఇదే గెలిచింది. అంతకు ముందు రికార్డు కింగ్‌స్టన్ టౌన్‌ది, మూడుసార్లు. 2016లో ఎనిమిది లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడా. మరుసటి ఏడాది హ్యూమిడార్ అనే గుర్రం అర లెంగ్త్ దాకా వచ్చి అందరికీ టెన్షన్ పెట్టింది.

విమర్శల్లో నిజం లేకపోలేదు. వెయిట్ ఫర్ ఏజ్ రేసుల్లో, అంటే వయసుని బట్టి మోసే బరువు నిర్ణయించే రేసుల్లో, ఆడ గుర్రాలకు రెండు కిలోలు తగ్గిస్తారు. చాలాసార్లు పోటీకి వచ్చినవి కొద్ది గుర్రాలే, అవీ తరచూ పాతవే. అయితే ఓడిపోతామని తెలిసి ఎవరూ దిగకపోతే దాని తప్పేముంది? 2016 డాంకాస్టర్ మైల్ హ్యాండిక్యాప్ రేసు, అంటే మంచి గుర్రాలకు ఎక్కువ బరువు వేసే రేసు, అందులో 56.5 కిలోలతో గెలిచింది. 2019లో రాండ్విక్‌లో చివరి రేసు నాటికి బెట్టింగ్ రేటు ఎంత పడిపోయిందంటే, వంద డాలర్లు కాస్తే మిగిలేది చిల్లరే. చాలామంది డబ్బు తీసుకోకుండా టికెట్లు గుర్తుగా దాచుకున్నారు. నా టికెట్ ఇప్పటికీ పర్సులో ఉంది, అందుకు మా ఆవిడ నవ్వుతూనే ఉంటుంది.

ఇక బయటికి ఎందుకు వెళ్ళలేదనేది. 2018లో ఇంగ్లండ్‌లోని రాయల్ ఆస్కాట్ రేసుల మాట వచ్చింది, చివరికి వద్దనుకున్నారు. నా దృష్టిలో మంచి నిర్ణయం. 2012లో ఇక్కడి మరో పేరున్న ఆడ గుర్రం బ్లాక్ కేవియర్ ఆస్కాట్‌కి వెళ్ళి గట్టెక్కడమే కష్టమైంది, కండరాలు చిట్లినట్టు తర్వాత తేలింది. పైగా బయటివాళ్ళే ఇక్కడికి వచ్చారుగా. దుబాయ్ టర్ఫ్ అనే పెద్ద రేసు గెలిచిన బెన్‌బాట్ల్ 2018 కాక్స్ ప్లేట్‌లో దీని వెనక రెండోది. చివరి రేసులో రెండో స్థానంలో వచ్చిన క్లూగర్ జపాన్ గుర్రం. 2018 ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 130 రేటింగ్‌తో యూరప్ గుర్రం క్రాక్స్‌మన్‌తో సమానంగా మొదటి స్థానం ఇచ్చినప్పుడు, అది దేశం దాటలేదని తెలిసే ఇచ్చారు.