పెంపుడు నేస్తాలు – మీ ప్రశ్నలకు పశువైద్యుని సమాధానాలు: టెర్రియర్ తవ్వక మానుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా దగ్గర ఏడాదిన్నర వయసున్న జాక్ రసెల్ టెర్రియర్ ఉంది. చాలా తెలివైనది, ఇంటిల్లిపాదికీ ప్రాణం. అయితే పెరట్లో ఎక్కడ పడితే అక్కడ గోతులు తీస్తుంది, చిన్న అలికిడి అయినా అదే పనిగా మొరుగుతుంది, మేము బయటికి వెళ్లి వచ్చేసరికి దిండ్లు చించి పోగుపెడుతుంది. తిట్టి చూశాం, గదిలో పెట్టి తలుపు వేశాం. ఫలితం లేదు. మాన్పించే దారి చెప్పండి.

సమాధానం: మీరు చెప్పిన వాటిలో మొదటి రెండూ దురలవాట్లు కావు, ఆ కుక్కకు పుట్టుకతో వచ్చిన విద్యలు. ‘టెర్రియర్’ అన్న పేరుకే మూలం నేల అని అర్థమిచ్చే ‘టెర్రా’ అనే లాటిన్ పదం. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో చర్చి బోధకుడిగా ఉన్న జాన్ రసెల్ (1795–1883) ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ‘ట్రంప్’ అనే తెల్లని ఆడ టెర్రియర్‌ను ఒక పాలవాడి దగ్గర కొన్నారు; ఈ జాతి చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. బొరియలో దాక్కున్న నక్క వెంట లోపలికి దూరి, దాన్ని చంపకుండా బయటికి తరమడం ఈ కుక్కల పని. దారి మూసుకుపోతే మట్టి తవ్వుకోవాలి, తాను ఎక్కడున్నదీ పైనున్న మనుషులకు తెలిసేలా మొరుగుతూనే ఉండాలి, యజమాని గొంతు కూడా వినిపించని ఆ చీకట్లో ఏం చేయాలో సొంతంగా తేల్చుకోవాలి. ఈ గుణాలున్న వాటినే ఏరి, వాటికే పిల్లలు పెట్టించుకుంటూ వచ్చిన జాతిని ఇప్పుడు మనం సోఫా పక్కన కూర్చోబెట్టి, కదలకుండా ఉండమంటున్నాం. తిట్టినందువల్ల దానికి మన మీద భయం పుడుతుందేమో గాని తవ్వాలన్న కోరిక పోదు.

అందువల్ల మాన్పించే ప్రయత్నం మానేసి, ఆ పనికి ఒక చోటు చూపించండి. పెరట్లో ఒక మూల చిన్న మడి కట్టి ఇసుక పోయండి. దానికి ఇష్టమైన బొమ్మను అది చూస్తుండగానే సగం కప్పిపెట్టండి. తీసి తెచ్చుకోగానే మెచ్చుకుని, మరుసటి రోజు ఇంకొంచెం లోతుగా పాతిపెట్టండి. వేరే చోట తవ్వడం మొదలుపెడితే అరవకుండా పిలిచి, ఆ మడి దగ్గరికి తీసుకెళ్లండి. ఒక వారంలో తేలే వ్యవహారం కాదు గాని, నా దగ్గరికి వచ్చే చాలా కుటుంబాలకు ఉపయోగపడిన ఉపాయమిది.

దిండ్లు చించడం సంగతి వేరు. ఆరు కిలోలైనా తూగని కుక్క గనుక కాసేపు తిప్పితే చాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రోజుకు కనీసం గంటసేపు, రెండు విడతలుగా, హుషారుగా నడిపించాలి. అంతకన్నా ముఖ్యంగా దాని ముక్కుకు పని కావాలి. పాత తువ్వాలు ఒకటి నేల మీద పరిచి, పూటకు పెట్టే పొడి ఆహారాన్ని దాని మీద చల్లి, చాపలా చుట్టి ముడివేసి ఇవ్వండి. ముడి విప్పుకుంటూ, మడత మడతకూ వాసన పట్టుకుంటూ అది గింజ గింజా ఏరుకుని తింటుంది. గిన్నెలో పెడితే ఒక్క నిమిషంలో ముగిసే భోజనానికి ఇక్కడ పావుగంట పడుతుంది, ఆ తర్వాత చాలా కుక్కలు వాటంతట అవే వెళ్లి పడుకుంటాయి. అయితే మీరు గడప దాటగానే వణకడం, చొంగ కార్చడం, తలుపు గీకడం కూడా చేస్తుంటే అది విసుగు కాదు, ఒంటరితనపు బెంగ. అప్పుడు మాత్రం వైద్యుడికి చూపించి చికిత్స మొదలుపెట్టాలి.

ప్రశ్న: మా రెండేళ్ల టెర్రియర్ ఇంట్లో చెప్పిన మాట వింటుంది. బయట ఉడుత కనబడితే ఎంత పిలిచినా వెనక్కి రాదు. మా ఇంట్లో కుందేలు కూడా ఉంది. రెండింటినీ కలిపి ఉంచవచ్చా?

సమాధానం: మీరు దగ్గర లేకుండా ఆ రెండింటినీ ఒకచోట మాత్రం వదలకండి, ఒక్క నిమిషం కూడా. పారిపోయే చిన్న ప్రాణిని చూస్తే వెంటపడడం దానికి ఆలోచనతో పని లేని చర్య. ఎంత మంచి శిక్షణ ఇచ్చినా ఆ క్షణంలో మీ పిలుపుకన్నా ఉడుత తోకకే బలం ఎక్కువ. గట్టి కంచె లేని చోట పట్టీ విప్పవద్దు.

ఇంకొక మాట. తెలుపు ఎక్కువగా ఉన్న ఈ కుక్కల్లో కొన్నింటికి పుట్టుకతోనే ఒక చెవో, రెండు చెవులో వినిపించవు. ఒక చెవే వినిపించే కుక్క ఇంట్లో బాగానే ఉండి, ఆరుబయట పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో తెలియక తికమకపడుతుంది. మొండిదని ముద్ర వేసే ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఎలుకల వెంటపడే అలవాటుంటే ఎలుక జ్వరం టీకా ఏటా వేయించాలి, ఎలుకల మందు పెట్టిన చోటికి పోనివ్వకూడదు.

ప్రశ్న: మా ఆడ జాక్ రసెల్ పరుగెత్తుతూ ఉన్నట్టుండి వెనక కాలు ఎత్తేసి, మూడు నాలుగు అడుగులు గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. నొప్పి ఉన్నట్టు లేదు. బొచ్చు గరుకుగా ఉంటుంది, కత్తిరించాలా?

సమాధానం: మీరు రాసిన తీరును బట్టి చూస్తే అది మోకాలి చిప్ప పక్కకు జారడం కావచ్చు. చిప్ప గాడి తప్పినప్పుడు కుక్క కాలు ముడుస్తుంది. ఒకసారి కాలు వెనక్కి చాచగానే అది గాడిలోకి వస్తుంది, నడక సర్దుకుంటుంది. చిన్న జాతుల్లో తరచుగా కనిపించే ఇబ్బంది ఇది. చేత్తో తడిమి చూసి, నాలుగు స్థాయిల్లో ఏదో వైద్యుడు చెబుతారు. మొదటి స్థాయిలో చాలావాటికి శస్త్రచికిత్స అక్కర్లేదు, బరువు పెరగకుండా చూసుకుంటే సరిపోతుంది. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు.

గరుకు బొచ్చును మెషీన్‌తో కత్తిరిస్తే తడినీ ముళ్లనూ ఆపే ఆ గుణం పోయి మెత్తబడుతుంది. వారానికోసారి దువ్వి, ఏడాదికి రెండుసార్లు చచ్చిన వెంట్రుకలను వేళ్లతో లాగి తీయించండి. తెలిసినవారు చేస్తే నొప్పి ఉండదు.

కాలి గురించి రాశారు గనుక మీరు అడగని కంటి గురించి కూడా చెప్పాలి. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు మధ్య ఈ జాతిలో కంటి కటకం దాని పట్టు వదిలి జారిపోయే వంశపారంపర్య వ్యాధి ఉంది. కన్ను ఎర్రబడి, నీరు కారుతూ, వెలుతురు చూడలేక ముడుచుకుంటుంది. దుమ్ము పడిందిలే అని చుక్కల మందు వేసి మూడు రోజులు ఆగి తీసుకొచ్చిన కుక్కను నేను చూశాను. అప్పటికే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోయింది. ఆ లక్షణాలు కనిపిస్తే రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి. ఈ వ్యాధికి జన్యు పరీక్ష ఉంది. పిల్లను కొనేటప్పుడే తల్లిదండ్రులకు ఆ పరీక్ష జరిగిందా అని అడిగి, కాగితం చూపించమనండి.