ముక్కు కడిగితే మంట, చెవి దిబ్బడ: తేడా ఎక్కడొస్తోంది?

మీ ప్రశ్న: డస్ట్ అలర్జీ ఉంది, పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ధారగా ముక్కు నీళ్ళు. డాక్టరు ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కోమన్నారు. గ్లాసుడు ఆర్వో నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపి జలనేతి చెంబుతో (ముక్కు కడుక్కునే కొమ్ము చెంబు) పోసుకుంటే ముక్కు భగ్గున మండింది, తర్వాత ఒక చెవి మూసుకుపోయింది. మానేయాలా?

మానేయక్కర్లేదండీ. తేడా అంతా ఉప్పు కొలతలోనూ, నీళ్ళలోనూ, కడుక్కున్నాక ముక్కు చీదిన తీరులోనూ ఉంది. చీదిన సంగతి మీరు రాయలేదు గానీ, చెవి దిబ్బడేసిందంటే చాలావరకు అదే కారణం.

ముందు ఉప్పు. వేళ్ళతో తీసే చిటికెడు అర గ్రాము కూడా తూగదు. 250 మి.లీ. నీళ్ళకు కావలసింది 2.25 గ్రాములు, అంటే లీటరుకు 9 గ్రాములు. ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌లో ఉండే ఉప్పదనం అదే, 0.9 శాతం. అంతకంటే బాగా పలచనైతే ముక్కు లోపలి పొర ఆ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, అందుకే మంట. చెరువులో ఈదుతుంటే ముక్కులోకి నీళ్ళు పోయి చురుక్కుమనేది కూడా ఇందుకే. మంటపుడితే అందరూ ఉప్పు ఇంకా తగ్గిస్తారు, అది ఇంకా మండుతుంది!

5 మి.లీ. చెంచాతో కొలిస్తే, మెత్తటి ఉప్పు అర చెంచాకి కాస్త తక్కువ. గోపురంలా కాదు, పైన చాకుతో గీసి సమం చెయ్యాలి. రోజూ చేసేవాళ్ళు వంటింటి డిజిటల్ కాటా మీద 9 గ్రాములు తూచి లీటరు నీళ్ళలో కలుపుకుంటే చెంచాల గొడవే ఉండదు. ఇంకా చురుక్కుమంటే గ్లాసుకి ఒక చిటికెడు తినే సోడా వేయండి. సోడాకైతే చిటికెడు కొలత చాలు.

ప్యాకెట్ ఉప్పులో అయోడిన్‌తో పాటు గడ్డకట్టకుండా కలిపేవి కూడా ఉంటాయి, కొందరికి ముక్కులో అవి పడవు. అయోడిన్ లేని మెత్తటి ఉప్పు దొరికితే అది వాడండి. సైంధవ లవణమైతే మెత్తగా పొడి చేసి, కరిగాక అడుగున దిగిన మట్టి వదిలేసి పైతేట తీసుకోవాలి. మందుల షాపులో దొరికే నేజల్ రిన్స్ ప్యాకెట్లయితే ఈ బాధలేవీ లేవు, మీద రాసినన్ని నీళ్ళలో ఒకటి కలపడమే.

ఇక నీళ్ళు. ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు. ఆర్వో నీళ్ళు తాగడానికి బావుంటాయి గానీ, వాటిలో క్రిములే ఉండవన్న హామీ లేదు. ఆ ట్యాంకు ఎప్పుడు కడిగారో గుర్తుందా? 20 లీటర్ల క్యాన్ నీళ్ళూ అంతే. కుళాయి నీళ్ళలో అరుదుగా నేగ్లేరియా అనే అమీబా ఉంటుంది. మింగితే కడుపులోని ఆమ్లానికి చస్తుంది. ముక్కులోకి ఎక్కితే మాత్రం వాసన నరం పట్టుకుని మెదడుకు పోతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. కాబట్టి నీళ్ళు సలసల మరిగాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చి, 24 గంటల లోపు వాడేయండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తేవద్దు, అది ముక్కు కోసం తయారైంది కాదు.

గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద పోసుకుంటే వేడీ చల్లనా ఏదీ తెలియకూడదు. వాష్‌బేసిన్ మీదికి వంగి తల పక్కకి తిప్పండి. నుదురు, గడ్డం దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. నుదురు పైకి లేస్తే నీళ్ళు గొంతులోకి దిగి పొలమారుతుంది. నోరు తెరిచి, నోటితోనే గాలి తీసుకుంటూ, చెంబు కొమ్ము పై ముక్కు రంధ్రానికి ఆనించి వంచండి. నీళ్ళు వాటంతటవే కింది రంధ్రంలోంచి కారతాయి, పీల్చకూడదు. సగం గ్లాసు ఒక వైపు, మిగతా సగం రెండో వైపు.

అయ్యాక ముందుకు వంగి ఉండి, రెండు రంధ్రాలూ తెరిచి మెల్లగా చీదాలి. ఒకటి మూసి రెండోది గట్టిగా చీదితే నీళ్ళు ముక్కు వెనక నుంచి చెవిలోకి పోయే సన్నని గొట్టంలోకి ఎగదన్నుతాయి. మీకు జరిగింది అదే అయి ఉంటుంది. ఆవలిస్తే, గుటక వేస్తే మెల్లగా తెరుచుకుంటుంది. నొప్పి పెట్టినా, చీము కారినా చెవి డాక్టరుకు చూపించండి, తగ్గేదాకా కడగడం ఆపండి.

ఒక వైపు అసలు నీళ్ళే పోకపోతే బలవంతం చేయొద్దు. ముక్కు దూలం వంకరో, పాలిప్సో (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) ఉండొచ్చు. ఈమధ్యే ముక్కు ఆపరేషన్ అయినవాళ్ళు, తరచూ ముక్కు నుంచి రక్తం కారేవాళ్ళు ఈఎన్‌టీ డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

చెంబు సంగతి: రాగి, ఇత్తడివి అందంగా ఉంటాయి గానీ ఉప్పు నీళ్ళకు కొమ్ము లోపల చిలుము పడుతుంది, అక్కడికి పీచు దూరదు. స్టీలు లేదా పింగాణీ మేలు. వాడాక కాచిన నీళ్ళతోనే కడిగి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి.

ఇది అలర్జీని తీసేయదు. లోపల అంటుకున్న దుమ్మునీ పుప్పొడినీ చీమిడినీ కడిగేస్తుంది, అంతే. అందుకే వేళ చూసి చేయాలి: పండక్కి బూజులు దులిపిన రోజు, వయ్యారిభామ పూసిన గట్ల మీద తిరిగొచ్చిన సాయంత్రం. బాగా ఇబ్బందున్న రోజుల్లో రోజుకు ఒకటి రెండుసార్లు, తగ్గాక వారానికి రెండు మూడుసార్లు చాలు. డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాసిచ్చి ఉంటే ముందు కడిగి, పదిహేను నిమిషాలాగి స్ప్రే కొట్టుకోండి. తిప్పి చేస్తే మందు బేసిన్‌లోకి పోతుంది.

కడిగిన గంటకో రెండు గంటలకో చెప్పులు తొడుక్కుందామని వంగితే ముక్కులోంచి చెంచాడు నీళ్ళు టపటపా కారొచ్చు. కంగారు పడకండి, సైనస్‌లో నిలిచినవే. బయటికి వెళ్ళే ముందు ఒకసారి కిందికి వంగి, తల అటూ ఇటూ తిప్పి కార్చేసుకుంటే సరి.