రోడ్డు "స్నేక్" అవుతుంది, మరి తెలుగులో?

సందేహం: మాస్టారూ, నేను ట్రాన్స్‌లేషన్లు చేస్తుంటాను. సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఇంగ్లీషు వ్యాసంలో "ద రోడ్ స్నేక్స్ అప్ ద హిల్" అని ఉంది. పాము పేరే క్రియ అయిపోయింది! తెలుగులో ఇలా చెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: ఇంగ్లీషుకి ఇది అంత సులువవడానికి కారణం ఉందమ్మా. పాత ఇంగ్లీషులో ప్రేమ అంటే లుఫు, ప్రేమించడం లుఫియన్, తర్వాత కొన్ని వందల ఏళ్లలో ఆ చివర్లు అరిగిపోయి రెండూ లవ్ అనే ఒక్క రూపంగా మిగిలాయి, ఇక ఏ పేరునైనా క్రియ చోట కూర్చోబెట్టడానికి అడ్డే లేదు, 2006లో గూగుల్ కూడా క్రియగా ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీకెక్కేసింది.

మనకి చివర్లు ఇంకా బతికే ఉన్నాయి. చిగురు చిగురించాలి, ముద్దు ముద్దాడాలి, గూగుల్ అయినా "చెయ్యి" తోడు లేకుండా కదలదు. అలాగని మనకి అసలు లేవనుకోకండి. దగ్గు, తుమ్ము, నవ్వు, ఉరుము ఇవన్నీ అటు పేర్లూ ఇటు క్రియలూ కదా. బంగాళాఖాతంలో అల్పపీడనం వస్తే విశాఖలో ముసురు పట్టిందంటాం, మళ్లీ మబ్బులు ముసిరాయనీ అంటాం. కాకపోతే ఇవి దాదాపు అన్నీ జరిగే పనుల పేర్లే, పండు పండడం లాంటిది వస్తువుల్లో చాలా అరుదు, జంతువుల పేర్లయితే నాకు ఒక్కటీ తట్టడం లేదు.

అసలు తేడా ఇక్కడుంది: ఇంగ్లీషు పోలికని క్రియలో దాచేస్తుంది, మనం "లా" తగిలించి బయటికే చెప్పేస్తాం. వాళ్ల అపార్ట్‌మెంట్లు మష్రూమ్ అయితే మన మధురవాడలో పుట్టగొడుగుల్లా లేచాయి. వాళ్లు జనంలో ఎల్బో చేసుకుంటూ పోతే మనం మోచేతులతో తోసుకుంటూ పోతాం. ఒక మాట ఎక్కువైందని దీన్ని లోటు అనుకునేవాళ్లున్నారు, నేనొప్పుకోను, ఎందుకంటే మన దగ్గర పోలిక ఒకచోట, కదలిక ఒకచోట విడిగా ఉంటాయి కాబట్టి ఏది కావాలో ఏది వదలాలో రాసేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

మీ వాక్యమే తీసుకోండి. దర్శనానికి వెళ్లేవాళ్ల కోసమైతే "రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది" చాలు, పాము అక్కర్లేదు. ఇంగ్లీషులోనూ ఆ మాట చదివినవాళ్లకి పాము కళ్లముందు కనబడదు, వంపులే కనబడతాయి. అదే కథలో, రాత్రిపూట, భయపెట్టాలనుకుంటే అప్పుడు "పాములా" పెట్టండి.