పొట్ట తగ్గిస్తామన్నారు, మచ్చ మిగిల్చారు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది ఆదోని. రెండు కాన్పులూ ఆపరేషనే. పొట్ట జారిపోయిందని కర్నూలులో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను. ‘కోత లేదు, కుట్టు లేదు, రేడియో ఫ్రీక్వెన్సీతో ఎనిమిది సిట్టింగుల్లో నాలుగు అంగుళాలు గ్యారంటీ’ అని వాట్సాప్‌లో పంపారు. ప్యాకేజీ 84,000 రూపాయలు. 20,000 నగదు ఇచ్చాను, మిగతాది ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ. మూడో సిట్టింగ్‌లో పాత కుట్టు దగ్గర కాలింది. ఆ టైమ్‌లో పెద్దగా మంట తెలియలేదు, రాత్రికి బొబ్బ లేచింది. ఇప్పుడు రూపాయి బిళ్లంత నల్లమచ్చలు రెండు, ఒకచోట చిన్న గుంట. డాక్టరు గారిని మొదటి రోజే చూశాను, మెషీన్ పట్టింది ఒక అమ్మాయి. డబ్బు అడిగితే ‘మీరు సంతకం పెట్టారు, నో రీఫండ్, ఏమున్నా హైదరాబాద్ కోర్టులోనే’ అంటున్నారు. ఏడు నెలలైంది. ఈఎంఐ ఆపేయవచ్చా? మా ఆయనకు బొబ్బ సంగతి తెలుసు గానీ ఇంత డబ్బు కట్టిన సంగతి తెలియదు. కేసుకు ఆయన సంతకం కావాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా, మీకు అసలు టెన్షన్ అదేననిపిస్తోంది. ఆయన సంతకం అక్కర్లేదు. సేవ పొందింది మీరు, వినియోగదారు మీరు. ఫిర్యాదు మీ ఒక్కరి పేరు మీదే వేయవచ్చు. కాకపోతే వినియోగదారుల కమిషన్ నుంచి కాగితాలు ఇంటి అడ్రసుకే వస్తాయి. పోస్ట్‌మ్యాన్ ద్వారా తెలిసేకంటే మీరే ముందు చెప్పుకోవడం మేలు. ఇది చట్టం మాట కాదు, ముప్పై ఏళ్లుగా ఇలాంటి ఫైళ్లు చూస్తున్న వకీలుగా చెబుతున్నా.

ఇక కేసు. మీరు రెండు నష్టాలు చెప్పారు: పొట్ట తగ్గలేదు, చర్మం కాలింది. చాలామంది మొదటిదాన్ని పట్టుకుని వస్తారు, అది బలహీనమైనది. ఈ చికిత్స బరువు తగ్గించేది కాదు. ఫలితం కూడా మనిషిని బట్టి నెలల మీద కనిపిస్తుంది. ‘ఎనిమిదింట్లో మూడే చేయించుకున్నారు, ఎలా తగ్గుతుంది?’ అని ఎదుటి వకీలు అడుగుతాడు. మీ దగ్గర ‘గ్యారంటీ’ అనే రాత ఉంది కాబట్టి సరిపోయింది. అది తప్పుదారి పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. అయినా కేసును నిలబెట్టేది కాలిన మచ్చే.

ఎందుకంటే ఆ మెషీన్ పనిచేసేదే వేడితో. రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు చర్మం లోపలి పొరల్లోంచి పోతుంటే అక్కడి కణజాలం అడ్డుపడి వేడెక్కుతుంది. ఆ వేడికి కొల్లాజెన్ అనే పీచు ముడుచుకుంటుంది, తర్వాత కొన్ని నెలల్లో కొత్తది పుడుతుంది. పొట్ట మీద చేసేటప్పుడు పైచర్మం మామూలుగా 40 నుంచి 43 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకుంటూ, చేతిలోని పరికరాన్ని ఒక్కచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. జెల్ తక్కువైనా, పరికరం చర్మానికి సరిగ్గా ఆనకపోయినా, ఒకేచోట నిలిపినా కాలుతుంది. కాసేపు ఎర్రబడటం, కొంచెం వాపు మామూలే. బొబ్బ, నల్లమచ్చ, లోపలి కొవ్వు కరిగి పడిన గుంట అలా కొట్టిపారేసేవి కావు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట ‘పెద్దగా మంట తెలియలేదు’ అన్నది. సిజేరియన్ కుట్టు చుట్టూ చాలామందికి స్పర్శ తగ్గి ఉంటుంది. ఈ చికిత్సలో చివరి కాపలా పేషెంటు నోరే. ‘చురుక్కుమంటే చెప్పండి’ అంటూ చేస్తారు. స్పర్శ లేనిచోట ఆ కాపలా లేనట్టే. కాబట్టి ముందే గిల్లి చూసి, ఆ భాగం వదిలేయాలి, లేదా వేడి బాగా తగ్గించాలి. పేస్‌మేకర్ ఉందా, గర్భమా, కాపర్-టీ వేయించుకున్నారా, ఒంట్లో ఎక్కడైనా రాడ్ వేశారా అని అడిగినట్టే ఇదీ అడగాల్సిన ప్రశ్న. మిమ్మల్ని అడిగారా? అడిగి ఉంటే కేస్ షీట్‌లో రాసి ఉంటుంది. రాయలేదంటే అడగలేదనే మనం వాదిస్తాం.

ఆ కేస్ షీట్ ఎలా వస్తుందంటారా? రాతపూర్వకంగా అడగండి. డాక్టర్ల వృత్తి నియమావళి, 2002 ప్రకారం పేషెంటు అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదీ మనకే లాభం. క్లినిక్ రిజిస్ట్రేషన్ సంగతి కూడా తేల్చాలి. మన రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల చట్టం, 2002 కింద క్లినిక్‌లు రిజిస్టర్ కావాలి, ఆ ఫైలు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి ఆఫీసులో ఉంటుంది. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ ఉందా, ఏ డాక్టరు పేరు మీద ఉంది, ఈ రెండే అడగండి.

మెషీన్ పట్టిన అమ్మాయి ఎవరన్నదీ తేలాలి. డాక్టరు కాని మనిషి చేతికి ఎవరు అప్పగించారు, పక్కన ఎవరున్నారు అన్నది అసలు ప్రశ్న. ‘మాది వైద్యం కాదు, బ్యూటీ సర్వీస్’ అని తప్పించుకోవాలని చూసినా ఫరవాలేదు. డబ్బు తీసుకుని ఇచ్చిన ఏ సేవైనా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కిందికి వస్తుంది. డాక్టర్లయితే 1995లోనే వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు ఈ గొడుగు కిందికి తెచ్చింది. (2024లో అదే కోర్టు వకీళ్లను మాత్రం బయట ఉంచింది. కాబట్టి నా సలహా తప్పయితే నా మీద కన్స్యూమర్ కేసు వేయలేరు. ముందే చెప్పేస్తున్నా.)

సంతకం గురించి భయపడకండి. సమ్మతి అంటే ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమిటో తెలిశాక ఇచ్చేదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు పెట్టిన సంతకం చికిత్సకు గానీ నిర్లక్ష్యానికి కాదు. ‘నో రీఫండ్’ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. లోపమున్న సేవ ఇచ్చి, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టంలోనే ఉంది. ఇక్కడ చిన్న మెలిక. ఫిర్యాదులో ‘అనుచిత ఒప్పందం’ అని రాశారో, అది రాష్ట్ర కమిషన్ విచారించేదని అడ్డుపడతారు. ‘సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి’ అనే మాటల దగ్గరే ఆగండి.

హైదరాబాద్ బెదిరింపు ఉత్తదే. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదీ నివాసమున్నచోటే వేయవచ్చు, ఫారంలోని షరతు దాన్ని తీసేయలేదు. కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు, మీకింకా 17 నెలలున్నాయి. కానీ మచ్చ అన్నాళ్లు ఆగదు, వెలిసిపోతుంది. మీకు మంచిదే గానీ కేసుకు సాక్ష్యం పోతుంది. ఈ వారమే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లి, మచ్చల కొలతలూ, అవి కాలిన గాయం వల్లేనన్న అభిప్రాయమూ చీటీ మీద రాయించుకోండి. నిర్లక్ష్యం పైకే కనిపిస్తుంటే ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని వి. కిషన్‌రావు కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ చీటీ ఉంటే మన చేతిలో బలం ఉంటుంది. బొబ్బ ఫొటోలు, వాట్సాప్ సందేశాలు డిలీట్ కాకుండా చూసుకోండి. వాటి ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్‌లోని ఆ రికార్డు అసలుదేనని ధ్రువీకరించే కాగితం) జతచేయాలి. పొట్ట ఫొటోలు అందరి కళ్లా పడతాయని మొహమాటమైతే సీల్డ్ కవర్‌లో ఇవ్వడానికి అనుమతి అడుగుదాం.

ఈఎంఐ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నారా అని చూపే రికార్డు) దెబ్బతింటుంది, రికవరీ వాళ్లు ఇంటికొస్తారు, అప్పుడు మీ ఆయనకు తెలిసే పద్ధతి బాగుండదు. ఫైనాన్స్ కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చి, వాయిదాలు నిలిపేలా మధ్యంతర ఉత్తర్వు అడగాలి.

ఎంత అడగాలి? కట్టిందంతా వడ్డీతో, మచ్చకు అయ్యే వైద్యం ఖర్చు బిల్లులతో, మానసిక వేదనకు ఒక మర్యాదైన మొత్తం. ఫీజు లేదు కదా అని 20 లక్షలు రాస్తే కాలిన పేషెంటు కాస్తా ఆశపడ్డ మనిషిలా కనిపిస్తుంది. పోలీస్ స్టేషన్‌కి ఇప్పుడే పోవద్దు. మెషీన్ పట్టిన మనిషి డాక్టరు కాదని తేలితే అప్పుడు ఆలోచిద్దాం. వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కర్నూలు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి.

కేసు వేసేముందు క్లినిక్‌కి స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపుతాం, అది చేరిన వారంలో క్లినిక్ నుంచి మీకు ఫోన్ రావచ్చు. ‘మిగిలిన ఐదు సిట్టింగులూ ఫ్రీగా చేస్తాం, మచ్చకు లేజర్ కూడా ఫ్రీ’ అంటారు. వెళ్లకండి. చెక్కు ఇస్తామంటే తీసుకోవచ్చు. కానీ ‘పూర్తి పరిష్కారంగా అందింది’ అన్న కాగితం ముందు పెడితే, సంతకం చేయకుండా ఫొటో తీసి మీ వకీలుకు పంపండి.