వీణ నేర్చిన చేతికి ఏ ఎలక్ట్రిక్ గిటార్?

ప్రశ్న: మా అమ్మాయి ఏడేళ్లుగా వీణ నేర్చుకుంటోంది. ఇప్పుడు అవే కీర్తనలను ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయిస్తానంటోంది. దుకాణంలో స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్, లెస్ పాల్ అంటూ రకరకాల ఆకారాలు చూపించారు. ఆకారాన్ని బట్టి నాదం మారుతుందా? ఏది కొనమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆకారం వల్ల ముఖ్యంగా మారేది వాయిద్యం బరువు, అది ఒంటికి ఆనే తీరు. గట్టి చెక్కతో చేసే ఈ గిటార్లలో తీగ కంపనాన్ని పికప్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది కాబట్టి, నాదంలోని తేడాలు చాలావరకు పికప్‌ల నుంచి, తీగ పొడవు నుంచి, ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి నుంచి వస్తాయి. మీ అమ్మాయి కోసమైతే నేను ముందుగా చూడమనేది బ్రిడ్జినే.

వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే గిటార్ మీదా లాగాలి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు సాధారణంగా స్ప్రింగుల ఆధారంతో కదిలే ట్రెమొలో బ్రిడ్జి ఉంటుంది. దాన్ని తేలేలా, అంటే గిటార్ ఒంటికి పూర్తిగా ఆనకుండా అమర్చినప్పుడు ఒక తీగను లాగితే, ఆ బిగువుకు బ్రిడ్జి ముందుకు వంగి మిగిలిన తీగలన్నిటి శ్రుతీ తగ్గిపోతుంది. దుకాణంలోనే పరీక్షించండి: అన్నిటికన్నా లావు తీగను మీటి, అది మోగుతుండగానే రెండో తీగను గాంధారం నుంచి మధ్యమం దాకా లాగమనండి. లావు తీగ స్వరం కిందికి జారితే ఆ గిటార్ వద్దు. షడ్జాన్ని ఆసరాగా చేసుకుని రాగం పాడే చెవికి ఆ జారుడు చాలా బాధగా ఉంటుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే మరో రకం కదిలే బ్రిడ్జిలకూ ఇదే ఇబ్బంది ఉంది.

టెలికాస్టర్‌కు, లెస్ పాల్‌కు మామూలుగా కదలని బ్రిడ్జి ఉంటుంది. రెండింటిలో నా మొగ్గు లెస్ పాల్ వైపే. దాని తీగ పొడవు 24.75 అంగుళాలు, టెలికాస్టర్‌ది 25.5, అదే మందం తీగను అదే శ్రుతికి బిగించినప్పుడు పొట్టి దాని మీద బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది కనుక లాగడం తేలిక. మెట్లు బిగించిన పలక, అంటే ఫింగర్‌బోర్డు వంపు కూడా చూడాలి. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్ తయారుచేసే ఫెండర్ కంపెనీ పాత పద్ధతి గిటార్లలో ఆ వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలే కావడంతో, పై స్థాయిలో దూరం లాగిన తీగ ముందరి మెట్టుకు తగిలి స్వరం ఆగిపోవచ్చు. లెస్ పాల్‌లో ఆ వ్యాసార్ధం 12 అంగుళాలు, అంటే పలక మరింత చదునుగా ఉంటుంది కాబట్టి ఇందుకు అనువు.

పికప్‌ల విషయానికి వస్తే, ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ స్పష్టంగా పలుకుతుంది గానీ ఇంటి కరెంటు నుంచి 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోతను కూడా పట్టుకుంటుంది. రెండు చుట్టలుండే హంబకర్‌లో ఆ మోత చాలావరకు రద్దవుతుంది. విలంబంలో ఆలాపన చేసేవారికి స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం అవసరం కాబట్టి హంబకరే మంచిది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల వాయిద్యాన్ని ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని గమకాలు పలికించారు. మీ అమ్మాయి కోరిక వింతేమీ కాదు.

లెస్ పాల్‌లలో 4 కిలోలు దాటేవి చాలా ఉంటాయి, కాబట్టి ఒళ్లో పెట్టుకుని కనీసం పావుగంట వాయించాకే నిర్ణయించుకోనివ్వండి. ఇదే ఆకారం ఎపిఫోన్ అనే బ్రాండు పేరుతో తక్కువ ధరకు దొరుకుతుంది. సన్నని 9 నంబరు తీగల సెట్టు (అందులో అన్నిటికన్నా సన్నని తీగ మందం 0.009 అంగుళం) వేయించండి. స్టాండు కూడా అప్పుడే కొనండి. ఈ గిటార్ తల వెనక్కి వాలి ఉంటుంది కనుక, గోడకు ఆనించినప్పుడు జారిపడితే మెడ సరిగ్గా తల మొదలయ్యే చోటే విరగవచ్చు.