లిబ్రే ఆఫీస్‌కి (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) యూజర్ గైడ్ రాయాలంటే ప్లానింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మెనూల వరసతో మాత్రం మొదలుపెట్టకండి. జనం వెతికేది 'ఫార్మాట్ మెనూలో ఏముంది' అని కాదు, 'మొదటి పేజీకి నంబర్ రాకుండా ఎలా' అని. అందులో డాక్యుమెంట్లు రాసే ప్రోగ్రామ్ రైటర్‌లో దీనికి జవాబు పేజీ స్టైల్స్, అంటే పేజీ ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగులు. మొదటి పేజీకి 'ఫస్ట్ పేజ్' స్టైల్ ఇచ్చి, నంబర్ ఉన్న ఫుటర్‌ని (పేజీ అడుగు భాగం) మామూలు పేజీలకుండే డిఫాల్ట్ స్టైల్‌లోనే ఆన్ చేస్తే సరి. రెండో పేజీ నుంచి డిఫాల్ట్ స్టైలే వస్తుంది. వర్డ్‌కి అలవాటుపడ్డవాళ్లు తడబడేది ఇక్కడే, ఎక్కువ పేజీలు దీనికే ఇవ్వండి.

లిబ్రే ఆఫీస్‌కి ఏటా రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. అందుకే స్క్రీన్‌షాట్లు తగ్గించండి, లేకపోతే మార్చలేక చస్తారు. అధ్యాయానికో ఫైలు పెట్టండి. రాసేది ఎక్కువగా వాలంటీర్లే కదా, ఒకరు మధ్యలో మానేసినా పని ఆగదు. అన్నట్టు, ఎఫ్1 నొక్కితే వచ్చే హెల్ప్ వేరే ఉంది. అందులో ఉన్నదే మళ్లీ రాయక్కర్లేదు.