ఈఎంఐ ఆగితే పోలీసులు వస్తారా? నాకు జరిగింది చెబుతా

రెండు ఈఎంఐలు ఆగాయి, రికవరీ వాళ్లు రేపు పోలీసులతో వచ్చి అరెస్ట్ చేయిస్తామంటున్నారు, నిజమేనా అని అడిగావు కదా తమ్ముడూ. ఉత్త బెదిరింపు. చేతిలో డబ్బు లేక అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. నువ్విచ్చిన చెక్కు బౌన్స్ అయితే మాత్రం సంగతి వేరు, నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే కేసు వేయొచ్చు, అందుకని పోస్టులో నోటీసు వస్తే తీసుకో.

మాది కావలి పక్కన పల్లె. వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్యల చెరువు మొత్తం పోయిన ఏడాది నా పర్సనల్ లోనూ ఆగింది. సిగ్గేసి ఫోన్ ఎత్తడం మానేశాను, అదే నేను చేసిన పెద్ద తప్పు. నేను దొరక్క వాళ్లు అల్లూరులో మా మామకు ఫోన్లు మొదలుపెట్టారు, ఒకరోజు రాత్రి 9 దాటాక ఇద్దరొచ్చి వీధంతా వినపడేలా అరిచిపోయారు. మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

బ్యాంకులో చేసి రిటైరైన మా వీధి పెద్దాయన చెబితే తెలిసింది, ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని, ఇంట్లోవాళ్లనీ స్నేహితులనీ ఇబ్బంది పెట్టకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పిందట. మళ్లీ వచ్చినప్పుడు ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన లెటర్ చూపించమన్నా. లెటర్ లేదు. ఫోన్‌లో వీడియో ఆన్ చేసేసరికి ‘అన్నా, కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నారు, అప్పటిదాకా ‘ఒరేయ్’! పోతూ పోతూ పదివేలు తన ఫోన్‌పేకి కొట్టమన్నాడు ఒకడు. అలా ఎప్పుడూ ఇవ్వకు, లోన్ ఖాతాకే కట్టి రసీదు తీసుకో.

ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ నంబర్ నుంచి చేశారో అన్నీ రాసి, రికార్డింగులు పెట్టి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ చేశా. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు, లాయరూ అక్కర్లేదు, అనుమానాలుంటే రిజర్వ్ బ్యాంకు నంబర్ 14448కి చెయ్యి. నాకు అంతదాకా పోలేదు, మూడో వారంలోనే ఆఫీసు వాళ్లే పిలిచి గడువు పెంచి ఈఎంఐ తగ్గించారు. వడ్డీ మొత్తం మీద పెరిగిందనుకో, ఇంకా కడుతూనే ఉన్నా.

ఇంతకీ నీది బ్యాంకు లోనా, యాప్ లోనా? యాప్ వాళ్లు నీ కాంటాక్టులు లాగి అందరికీ ఫోటోలు పంపుతామంటుంటే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేసి, ఆ తర్వాత ఇక్కడ రాయి.